వదిన గేరుపెట్టె

భోజనాల బల్ల దగ్గర నుంచి,
ఆదివారం.

పిడుగు మరదలికి,

నువ్వు ఊరు మారి నెలైనా కాలేదు, మీ అన్నయ్య భోజనాల బల్ల మీద భోజనం చెయ్యడం మొదలుపెట్టారు. మా పెళ్లైన దగ్గర్నుంచీ ఒళ్లో కంచం పెట్టుకుని తిన్న మనిషి, ఇప్పుడు కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుని "ఈ బల్ల ఇంత పెద్దదా!" అంటున్నారు. నాకు ఒళ్లు మండి, ఆయన కంచం పక్కనే మన బొమ్మ బండి గేర్ల డబ్బా బోర్లించాను. నీ పైపలకల డబ్బా ఉండే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఆయన నీళ్ల చెంబు పెట్టుకుంటున్నారు, చూసుకో మరి.

ఇంటి సంగతులన్నీ ఫోనులో చెప్పుకుంటూనే ఉన్నాం కాబట్టి రాయను. మన బండి మాటలు మాత్రం కాగితం మీదే. నేను గేరుపెట్టె కట్టి, విప్పేసి, ఎలా కట్టానో మాటల్లో రాస్తాను. నువ్వు అక్కడ చదివి కట్టు. ఫోటోలు మాత్రం పంపుకోవద్దు. ఫోటో చూసి కట్టేది కాపీ, చదివి కట్టేది పని. నా మాట మీద నీకు నమ్మకం ఉంటే చాలు, ఎంత దూరంలో ఉన్నా ఒకే బండి కట్టొచ్చు.

ఈ ఏడు ఏటవాలు పోటీ మీ ఊళ్లోనేనట, బొమ్మబండ్ల సంఘం వాళ్ల కబురు వచ్చింది. చెక్క కింద ఒక్కో దిమ్మ పెట్టి ఎత్తు పెంచుకుంటూ పోతారు, ఆఖరిదాకా ఎక్కిన బండిది గెలుపు. పోయిన ఏడు మనం మూడో ఎత్తులో కూలబడ్డాం. నువ్వు టైర్లు మరీ పెద్దవి వేశావని నేను, నేను గేర్లు తక్కువ వేశానని నువ్వు, బస్సులో ఇంటికొచ్చేదాకా పోట్లాడుకున్నాం. పక్క సీటు ఆయన విని విని, "అసలు ఆ లారీ ఎవరిదమ్మా?" అని అడిగాడు, గుర్తుందా? ఈసారి గెలుస్తాం. లోపలి పని నాది, పైపని నీది. జంట మాత్రం మనదే.

పగలంతా ల్యాబులో మనుషులకి కట్టుడు పళ్లు చేస్తాను, సాయంత్రమైతే చక్రాల పళ్లు లెక్కపెడతాను. నీతో తప్ప ఈ పిచ్చి ఎవరితో చెప్పుకోను? పెళ్లై ఈ ఇంట్లో అడుగు పెట్టిన వారంలోనే నువ్వు అట్టపెట్టె మోసుకొచ్చి, "వదినా, ప్లాస్టిక్ ఇటుకలతో కారు కట్టడం వచ్చా?" అని అడిగావు. రాదని చెప్పి ఉంటే నా బతుకు ఇంకెంత ప్రశాంతంగా ఉండేదో.

మొదటి గేరుపెట్టె వివరం వేరే కాగితంలో పెట్టాను. కట్టి, ఎలా తిరిగిందో రాయి.

నీ వదిన

*

ఇంకా సర్దుకోని గదిలోంచి,
శుక్రవారం.

వదినా,

నీ గేరుపెట్టె మొదటిసారే తిరిగింది! ఎక్కడా ఒక్క పన్ను కూడా జారలేదు. నువ్వు రాసింది చదువుతూ కడుతుంటే, నువ్వు పక్కన కూర్చుని "అలా కాదే, ఇలా" అని మొట్టికాయ వేస్తున్నట్టే ఉంది.

ఆఫీసులో నా పనేంటో తెలుసుగా. లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్లు లోపలున్న బటన్ నొక్కితే నాకు మోగుతుంది. మెకానిక్కు చేరేదాకా వాళ్లతో మాట్లాడుతూ ఉండాలి. నిన్న ఒక పెద్దాయన, "అమ్మాయ్, నువ్వు ఆపకుండా మాట్లాడు, నేను కళ్లు మూసుకుంటాను" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచక మన లారీ గురించి మొదలుపెట్టాను. తలుపు తెరుచుకున్నాక కూడా "ఆ తర్వాత స్ప్రింగులు ఏం చేశారు?" అని అడిగాడట.

ఇప్పుడు అసలు వార్త. మా గది కింద మందుల షాపు ఉంది. తలనొప్పి మాత్ర కోసం వెళ్తే, షాపావిడ కుర్చీలోంచి లేవకుండా ఒక మీట నొక్కింది. పై అరలోంచి చిన్న క్రేను గిర్రున తిరిగి, మాత్రల పెట్టెని కొక్కేనికి తగిలించుకుని కిందికి దింపింది. వదినా, మొత్తం మన ఇటుకలే! పసుపు బొమ్మ క్రేను, రెండు మోటార్లు, తాడు చుట్టుకునే చక్రం. నా తలనొప్పి అక్కడే ఎగిరిపోయింది. మాత్ర కొనడం కూడా మర్చిపోయాను.

ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఊఁ", "ఉఁహూఁ", రెండే మాటలు. ఇక్కడి సంఘంలో చాలా ఏళ్లుగా ఉందట. నీ గేరుపెట్టె చూపించాను. చాలాసేపు వేలితో తిప్పి తిప్పి చూసి, మధ్యలో ఉన్న ఒక చక్రాన్ని తీసి నా అరచేతిలో పెట్టింది. అది లేకుండా, మిగతా చక్రాల్ని దగ్గరికి జరిపి తిప్పితే చప్పుడు సగమైంది. భలే చెయ్యి వదినా ఆవిడది. నువ్వు చూస్తే నీకూ నచ్చుతుంది.

టైర్లు ఈసారి చిన్నవే వేస్తున్నాను, నోరు మూసుకో.

నీ పిడుగు

*

ల్యాబు, భోజనం వేళ,
బుధవారం.

పిడుగూ,

ఎవరే ఆ మందుల షాపావిడ?

నీ ఉత్తరం చదివి నిన్న ఒక ముసలాయనకి కింది వరస పళ్లు పై వరసకి బిగించబోయాను. నా గేరుపెట్టెలో చెయ్యి పెట్టడానికి ఆవిడెవరు? నువ్వు అరచెయ్యి చాపావా, ఆవిడ ఒక చక్రాన్ని తీసి అందులో పెట్టిందా! బాగుంది. నేనైతే నువ్వు కట్టిన పైకప్పులో పలక ఒకటి నచ్చకపోయినా నెల్లాళ్లు నాన్చి నాన్చి చెప్పేదాన్ని.

ఆ మధ్య చక్రం ఊరికే పెట్టలేదు. అది తీసేస్తే బండి వెనక్కి నడుస్తుంది. చప్పుడు తగ్గిందని సంబరపడుతున్నారు కదా ఇద్దరూ, పోటీలో అందరూ చెక్క ఎక్కుతుంటే మీరు తలుపు వైపు వెళ్లిపోండి, చూసేవాళ్లకి సరదాగా ఉంటుంది.

"నువ్వు చూస్తే నీకూ నచ్చుతుంది" అని రాశావు. నాకు నచ్చదు. చూడకుండానే చెబుతున్నాను. నీకు నచ్చింది, అది చాలదూ? క్రేనుతో మాత్రలు దింపడమేమిటి, లేచి తీసివ్వడానికి ఒళ్లు బద్ధకం కాకపోతే. మీ అన్నయ్య నా మొహం చూసి, "ఏమైంది, దానికి పెళ్లి కుదిరిందా ఏంటి, అలా ఉన్నావు?" అన్నారు. సంగతి చెబితే పగలబడి నవ్వారు. ఆయనకి ఇదంతా బొమ్మలాట.

దాచడం దేనికి, ఈర్ష్యే. నీ ఉత్తరంలో నా పెట్టె గురించి నాలుగు ముక్కలు రాసి, ఆవిడ చెయ్యి గురించి పేజీ నింపావు. లెక్క పెట్టలేదులే, కానీ కంటికి కనబడదూ? నువ్వు నా పక్కన కూర్చున్నన్నాళ్లూ నాకూ మంచి చేతులే ఉన్నాయనుకున్నాను. "భలే చెయ్యి" అని నన్నెప్పుడూ అనలేదు నువ్వు.

ఆ చక్రం మళ్లీ దాని చోట్లో పెట్టు. ఇంకెవరికీ చూపించకు.

వదిన

*

ఆఫీసు, ఫోను మోగని వేళ,
సోమవారం.

వదినా వదినా,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి పడినంత పనైంది. మా సూపర్వైజరు వచ్చి "ఎవరైనా లిఫ్టులో పుట్టారా?" అని అడిగాడు. నువ్వు ఇంతగా ఉడుక్కుంటావని తెలిస్తే ఆవిడ గురించి ఇంకో పేజీ రాసేదాన్ని.

బండి వెనక్కి నడిచిన మాట నిజమే. ఆవిడ మోటారు ప్లగ్గు తీసి తిప్పి గుచ్చింది, బండి ముందుకు నడిచింది. తిట్టకు.

ఇప్పుడు నువ్వు నిజంగానే తిట్టే సంగతి ఒకటుంది. చెప్పకుండా వారం నుంచి వాయిదా వేస్తున్నాను. ఈసారి రూలు మార్చారట. జంటలో ఇద్దరూ ప్రతి శనివారం ఇక్కడ హాల్లో ప్రాక్టీసుకి రావాలి. రాకపోతే పేరు కొట్టేస్తారు. నీకు ల్యాబు ఉంది, ప్రతి శనివారం బస్సెక్కి రాగలవా? రాలేవు. ఎంత బతిమాలినా వాళ్లు వినలేదు. గడువు కూడా అయిపోవస్తుంటే, నా పేరు పక్కన మందుల షాపావిడ పేరు రాయించాను. ముందు నిన్ను అడగాల్సింది. అడిగితే వద్దంటావని భయమేసి అడగలేదు.

కానీ వదినా, కాగితం మీద మాత్రమే ఆవిడ. బండి లోపల నువ్వే. గేరుపెట్టె నీది కాకపోతే నేను పోటీకి వెళ్లనని ఆవిడకి ముందే చెప్పాను. "ఊఁ" అంది. ఇన్నేళ్లూ మూడో ఎత్తు దాటలేకపోయాం. ఈసారి ఆఖరి ఎత్తు ఎక్కే పెట్టె కావాలి నాకు. నీకు తప్ప ఇంకెవరికి చేతనవుతుంది? ఒక్కసారి గెలుద్దాం. కప్పు తెచ్చి మన బల్ల మీదే పెడతాను, అన్నయ్య చెంబు తీసేసి.

కోపమొస్తే రెండు పేజీలు తిట్టి, మూడో పేజీలో గేరుపెట్టె రాయి.

నీ పిడుగు

*

అదే బల్ల దగ్గర నుంచి,
గురువారం.

మరదలా,

రూలు అంటే రూలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఆవిడ పేరు రాయించావు, మంచిదే. నేను ప్రతి శనివారం ఎలాగూ రాలేను. తిట్టడానికి నాకేం హక్కుందిలే. ఇద్దరూ సంతోషంగా ఆడుకోండి.

గేరుపెట్టె అడిగావు. ఇదిగో.

ఆఖరి ఎత్తు ఎక్కాలంటే మామూలు పళ్లచక్రాలు పనికిరావు. మర గేరు వెయ్యాలి, స్క్రూలా మెలికలు తిరిగి ఉంటుందే, అది. మోటారు దాంతో చక్రాల్ని తిప్పగలదు, చక్రాలు మాత్రం మోటారుని వెనక్కి తిప్పలేవు. అందువల్ల బండి మెల్లగా నడిచినా ఎంత వాలులో ఆగినా వెనక్కి జారదు.

మోటారు ముక్కులోకి పొడుగాటి ఇరుసు గుచ్చు. మోటారు వైపు ఇరుసుకి ఒక కడియం తొడుగు. కడియాన్ని ఆనించి మర గేరు ఎక్కించు. ఇరుసు రెండో చివర పెట్టె గోడకున్న కన్నంలోంచి కొంచెం బయటికి కనబడాలి. మర గేరు కింద పెద్ద పళ్లచక్రం అడ్డంగా వస్తుంది. దాని ఇరుసే వెనక చక్రాలకి వెళ్లే ఇరుసు. దానికి అటొక కడియం, ఇటొక కడియం, గోడలకి రాసుకోకుండా. పెట్టె పైన పొడుగు పలక అడ్డంగా బిగించు, లేకపోతే బరువు పడినప్పుడు గోడలు విచ్చుకుంటాయి. బ్యాటరీ పెట్టె ముందు చక్రాల మీదికి జరుపు, ముందు భాగం పైకి లేవకుండా ఉంటుంది. అన్నీ బిగించాక వెనక చక్రాన్ని చేత్తో తిప్పడానికి చూడు. తిరక్కూడదు.

అంతే. రాసినట్టు కట్టు. ఆవిడకి ఏ చక్రం అనవసరంగా కనిపిస్తుందో నాకు రాయక్కర్లేదు.

వదిన

*

గది, కిటికీ దగ్గర,
ఆదివారం.

మా మంచి వదినా,

నువ్వు ఇంత మెత్తగా రాస్తావనుకోలేదు. తిట్లు లేని ఉత్తరం చూసి ముందు భయమేసింది. తర్వాత గేరుపెట్టె కట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పబోతే కొంచెం కూడా కదల్లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇంత కోపంలో కూడా నాకోసం ఇంత మంచి పెట్టె ఆలోచించావు.

నిన్న ప్రాక్టీసులో తక్కువ ఎత్తుల్లో నడిపాం. అక్కడ చెక్కని మరీ నిలబెట్టరు, పోటీ రోజుకే దాచుకుంటారు. మనది తాబేలు నడక, కానీ ఒక్కసారీ ఆగలేదు. పక్క బండివాళ్లు వంగి వంగి మన పెట్టెలోకి తొంగి చూశారు. "ఎవరు కట్టారు?" అంటే "మా వదిన" అన్నాను. ఆవిడ పక్కనే ఉంది, "ఊఁ" అంది.

నువ్వు రాయొద్దన్నావు కానీ, రాయకుండా ఉండలేను. పెట్టె చూసి ఆవిడ ఒక్క మాట అంది. మర గేరుకి ఒక పక్కే కడియం ఉందేంటి, రెండో పక్క కూడా ఉండాలి కదా, అని. కడియం తీసి చేతిలో పట్టుకుని కూడా ఉంది, తొడిగేద్దామని. నేను వద్దన్నాను. "మీ వదిన మర్చిపోయారేమో, ఒకసారి అడుగు" అంది. ఆవిడ నోట్లోంచి అంత పొడుగు మాట రావడం అదే మొదటిసారి. మా వదిన మర్చిపోయే మనిషి కాదు, రాయలేదంటే అక్కర్లేదనే, అన్నాను. ఆవిడ కడియాన్ని డబ్బాలో పడేసింది. చూశావా, నీ పక్షమే.

వచ్చే ఆదివారమే పోటీ. పొద్దున్నే బస్సెక్కు. ముందు వరసలో నీకు కుర్చీ ఆపుతాను.

నీ పిడుగు

*

ఇంటి నుంచి,
బుధవారం.

పిడుగూ,

ఉత్తరం అందింది. నేను రాలేను. ల్యాబులో పని ఎక్కువగా ఉంది, సెలవు అడగలేదు. మీ అన్నయ్యకి కూడా జలుబు.

బండికి ఏ రంగు పలకలు వేశావో రాయనేలేదు. పసుపు మాత్రం వెయ్యకు, బల్ల మీద పెట్టిన అరటిపండులా ఉంటుంది. ఎరుపు వెయ్యి.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. జాగ్రత్త.

వదిన

*

గది,
సోమవారం.

వదినా,

గెలవలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు నువ్వు, అందుకే రాస్తున్నాను.

మూడో ఎత్తు దాటేశాం. నాలుగోదీ దాటేశాం. ఎర్ర పలకలే వేశాను. చివరికి రెండు బండ్లే మిగిలాయి, మనది, ఇంకో జంటది. ఆఖరి దిమ్మ పెట్టి చెక్కని నిలబెట్టారు. వాళ్లది సగం దాకా వెళ్లి చక్రాలు జారి ఆగిపోయింది. ఇక మనం సగం దాటి చెక్క మీదే నిలిస్తే చాలు, కింద పడిన బండి లెక్కలోకి రాదు. నేను కళ్లు మూసుకుని మోటారు చప్పుడు మాత్రం వింటున్నాను. సగం దాటింది, అందరూ చప్పట్లు మొదలుపెట్టారు. అంతలో టకటకమని చప్పుడు, ఆ తర్వాత మోటారు ఒక్కటే గిర్రున తిరుగుతున్న చప్పుడు. కళ్లు తెరిచేసరికి బండి వెనక్కి దొర్లి చెక్క పక్కనుంచి పడుతోంది. ఇటుకలు కుర్చీల కిందికి పోయాయి. నేను నేల మీద పాకుతూ ఏరుతుంటే, ఒక చంటిపిల్ల టైరు నోట్లో పెట్టుకుంటే వాళ్లమ్మ లాగి నాకిచ్చింది.

పెట్టె విప్పి చూశాం. బరువు పడేసరికి మర గేరు ఇరుసు మీద గోడ వైపు జరిగిపోయి, కింద చక్రాన్ని వదిలేసింది. అటువైపు ఆపడానికి కడియం లేదు కదా. ఆవిడ పెట్టెలోకి చూసి, నా మొహంలోకి చూసింది. "చెప్పానుగా" అనొచ్చు. అనలేదు. నాతోపాటు నేల మీద కూర్చుని చివరి ముక్క దాకా ఏరింది.

ఇంటికొచ్చి నీ ఉత్తరం ముందేసుకుని వేలు పెట్టి వరస వరసా చదివాను. నేనే ఏదో మాట వదిలేసి కట్టానని భయం. రెండో కడియం మాట ఎక్కడా లేదు. ల్యాబులో పని ఎక్కువన్నావు కదా, అలిసిపోయి రాసుంటావు. నా మీద కోపంలో కూడా ఉన్నావు. తప్పు నాదే, నీ మనసు బాగోనప్పుడు అడిగాను. దీనికి నువ్వు బాధపడి ఏడుస్తూ కూర్చోకు వదినా. అన్నయ్యకి చెప్పు, నీకు టీ పెట్టి ఇమ్మని.

వచ్చే ఏడు ఎక్కుదాం.

నీ పిడుగు

*

భోజనాల బల్ల దగ్గర,
శుక్రవారం.

పిడుగూ,

నేను మర్చిపోలేదు.

ఈ ముక్క రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను. నువ్వు నన్ను ఓదారుస్తూ రాసిన కాగితం చదివాక లేచి ఎక్కడికీ వెళ్లలేకపోయాను.

రెండో కడియం సంగతి నేను రాశాను. మోటారు వైపు ఒకటి, గోడ వైపు ఒకటి, గట్టిగా తొయ్యి, లేకపోతే బరువు పడ్డప్పుడు మర గేరు జారిపోతుంది, అని వివరంగా రాశాను. రాశాక ఆ పెట్టె పక్కన ఆవిడ నిలబడి ఉండటం కళ్లముందు కనబడింది. నువ్వు కప్పు అందుకుంటుంటే కప్పుకి రెండో చెవి ఆవిడ పట్టుకుని ఉంది. ఆ పేజీ తీసేసి, ఆ వాక్యం లేకుండా మళ్లీ రాశాను. అక్షరం కూడా వణకలేదు. చక్కగా, గుండ్రంగా రాశాను.

ఆవిడ కడియం పట్టుకుని నిలబడిందని నువ్వు రాసినప్పుడైనా ఫోను చేసి చెప్పాల్సింది. అప్పటికి పోటీకి ఇంకా రోజులున్నాయి. నువ్వు నన్ను నమ్మావని చదివాను. చదివి, పసుపు రంగు వెయ్యకని రాశాను. మీ అన్నయ్యకి జలుబూ లేదు, ల్యాబులో పని ఎక్కువా లేదు.

నువ్వు ఓడాలని కాదే. ఆవిడ పక్కన నువ్వు గెలవకూడదని. నా మనసులో ఈ రెండూ వేరువేరుగానే ఉన్నాయి, చెక్క మీద మాత్రం ఒకటే అయిపోయాయి. నాకు అక్కడ బుద్ధి పనిచెయ్యలేదు.

తిట్టు. ఎన్ని పేజీలైనా తిట్టు. ప్రతి ముక్కా చదువుతాను.

వదిన

*

శనివారం.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది.

మీ మోటార్లు, మర గేరు, పళ్లచక్రాలు పార్సిల్ కట్టి పంపిస్తున్నాను. నా దగ్గరున్నవన్నీ వేశాను, ఏవైనా తక్కువైతే చెప్పండి. ఎర్ర పలకలు నావే కాబట్టి ఉంచుకున్నాను.

అన్నయ్యని అడిగానని చెప్పండి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

భోజనాల బల్ల దగ్గర నుంచి,
మంగళవారం.

మందుల షాపు నడుపుతున్న అక్కగారికి,

నేను మీ పైగదిలో ఉండే అమ్మాయి వదినని. మీ పేరు ఎప్పుడూ అడగలేదు. అడిగితే మిమ్మల్ని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు. అందుకే ఇలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

తను మీకు చెప్పే ఉంటుంది. చెప్పకపోతే నేనే చెబుతున్నాను. ఆ రెండో కడియం నేను కావాలనే రాయలేదు. మీరు సరిగ్గా చూశారు. మీ చేతిలోని కడియం తొడిగి ఉంటే కప్పు మీ ఇద్దరిదే. అది మీ ఇద్దరిది కాకూడదనే నేను ఆ పని చేశాను. మీరు నాకు చేసిన అపకారమంటూ ఏమీ లేదు. నేను కట్టిన పెట్టెలోంచి ఒక చక్రం తీశారు, అది తియ్యాల్సిందే. నేను మధ్యలో అనవసరంగా వేశాను, ఇక్కడ కట్టి చూస్తే నాకూ తెలిసింది.

తను నాకు రాసిన ఆఖరి ఉత్తరంలో నన్ను "మీరు" అంది. పెళ్లై వచ్చిన రోజున కూడా అనలేదు. మా ఆయన చదివి, కంచం తీసుకుని వెళ్లి గదిలో కూర్చుని తిన్నారు. ఆయనకి ఇది బొమ్మలాట కాదని ఇప్పుడు తెలిసింది. బల్ల మొత్తం నాకే వదిలేశారు.

పార్సిల్ వచ్చింది. విప్పలేదు, మీ షాపు అడ్రసుకే తిప్పి పంపుతున్నాను. అందులో మంచి మోటార్లున్నాయి. మీవని చెప్పి ఇవ్వండి. నావంటే ముట్టుకోదు. తను ఇంక బండ్లు కట్టనంటే మాత్రం ఒప్పుకోకండి. తలుపు కొట్టి లాక్కురండి. పైపని దాని అంత బాగా ఎవరూ చెయ్యలేరు. ఒక్కటే లోపం, చెప్పింది చెప్పినట్టు నమ్మేస్తుంది. లోపలి పని మీరు చెయ్యండి. నాకు ఈ వాక్యం రాయడం ఇష్టం లేదు, రాశాను.

నేను మంచిదాన్నైపోయానని అనుకోకండి. నాకు మీరంటే ఇప్పటికీ పడదు. మీ క్రేను చూడాలని లేదు. మీరు "ఊఁ" అంటారట, అదీ నాకు నచ్చదు.

మిమ్మల్ని ఒకటి అడగాలనే ఇంతా రాశాను. మీరు కడియం చూపించినప్పుడు, "మా వదిన మర్చిపోయే మనిషి కాదు" అందట తను. నాకు ఆ మాట కాగితం మీద వచ్చింది. మీకు ఎదురుగా, దాని నోటి వెంట వచ్చింది. అలా అన్నప్పుడు దాని మొహం ఎలా ఉంది? గర్వంగా అందా, పని చేసుకుంటూ తలెత్తకుండా అందా, మిమ్మల్ని కసిరిందా? ఇంక ఆ మాట అది ఎవరి ముందూ అనదు. నా గురించి అన్న మాట, విన్నది మీరు. దానికి కూడా మీ మీద కడుపు మండుతోంది నాకు. ఎలా ఉందో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
దాని వదిన